ఒకే పేరు, రెండు రంగులు

"మీ అక్కకి చెప్పు, టీ చల్లారిపోతోందని."

"నీ పెళ్ళానికి చెప్పరా, చల్లారిన టీ అయినా నాకు ఇష్టమేనని."

ఒకే బల్లకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. చెయ్యి చాస్తే ఒకరి కప్పు ఒకరికి అందుతుంది. మధ్యలో కూర్చున్నది పండు. ఆరడుగుల మనిషి, రైలు నడిపే మనిషి. అయినా అక్క నోట్లో ఇంకా పండే. ఎటు తల తిప్పాలో తెలియక బ్రెడ్డు ముక్క మీద వెన్న రాస్తున్నాడు. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

"చెప్పానక్కా," అన్నాడు.

"ఏం చెప్పావు? నువ్వు నోరే విప్పలేదు."

"మీరిద్దరూ విన్నారుగా!"

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న పండు మామగారు, బుజ్జమ్మ తండ్రి, చిన్నగా నవ్వాడు. ఆయనకి చూపు లేదు. "నీ అవసరం లేదులే అల్లుడూ. చెంచాలే మాట్లాడుకుంటున్నాయి. రాత్రి కంటే ఇప్పుడు గట్టిగా మాట్లాడుకుంటున్నాయి."

ఎవరూ నవ్వలేదు. బుజ్జమ్మ అసలు తల ఎత్తలేదు.

ఆమె ఒళ్ళో ఫోను ఉంది. ఫోనులో రాజీనామా ఉంది. పొద్దున్నే రాసింది. పంపడానికి వేలు మాత్రం ఇంకా కదల్లేదు.

నిన్న మధ్యాహ్నం సినిమా రంగులు సరిచూసే థియేటర్లో చేతులు కట్టుకుని నిలబడ్డ క్షణం ఆమెను ఇంకా వదల్లేదు. సినిమా చివరి షాట్లు. నాయిక వంతెన మీద నిలబడి ఉంటుంది, వెనక నది, సాయంత్రం, దీపాలు. నిజానికి ఆ నాయిక నిలబడింది ఒక ఆకుపచ్చ గుడ్డ ముందు. గుడ్డను తీసేసి ఆ చోట నదినీ సాయంత్రాన్నీ అతికించింది బుజ్జమ్మ. కాంపోజిటర్ పని అదే. అతికించడం ఒక ఎత్తు. గుడ్డ నుంచి మొహం మీద పడిన పచ్చ నీడను తుడవడం ఇంకొక ఎత్తు. దానికి కొలబద్ద లేదు. కళ్ళతో చూసుకుంటూ, ఇక చాలు అనిపించిన చోట ఆపాలి.

బుజ్జమ్మ ఆపిన చోట, ఆమె తెర మీద, ఆ మొహం నిగనిగలాడింది.

థియేటర్లో పెద్ద తెర మీద అదే మొహం, పడవెక్కి కడుపులో తిప్పుతున్న మనిషి మొహంలా పచ్చబారి ఉంది.

డైరెక్టరు ఏమీ అనలేదు. అన్నది పండు వాళ్ళక్క. ఆ సినిమా మొత్తానికి రంగులు సరిచేసే కలరిస్టు ఆవిడే, ఆ థియేటరు ఆవిడదే. ఆ రంగంలో అందరూ ఆవిణ్ణి డేగ అంటారు. ఆవిడ కంటి నుంచి ఏదీ తప్పించుకోదు. నోటి నుంచీ అంతే.

"ముందు ఈ అమ్మాయి కళ్ళు చూపించుకోవాలి," అంది, అంతమందిలో.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

బుజ్జమ్మ పరుగున తన ఆఫీసుకి వెళ్ళి షాట్ మళ్ళీ తెరిచి చూసింది. మొహం బాగుంది. ఎంత దగ్గరగా చూసినా బాగుంది. అప్పుడు వేసింది భయం. అందరికీ కనపడుతున్న పచ్చ తనకొక్కదానికే కనపడటం లేదు.

వాళ్ళ నాన్నకీ అలాగే మొదలైంది.

రంగుల దుకాణంలో గోడ రంగులు కలిపేవాడాయన. ఒకరోజు ఒకాయన వచ్చి, సగం గోడ ఒక రంగు, సగం గోడ ఒక రంగు కలిపిచ్చావేమిటయ్యా అని కేకలేశాడు. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈయనకి రెండూ ఒకటే. ముందు రంగులు పోయాయి, తర్వాత వెలుగు పోయింది. పిల్లలకి వచ్చినా రావచ్చు అని డాక్టరు ఆరోజే చెప్పాడు.

"రేపు ఆసుపత్రికి నేను తీసుకెళ్తాగా," అన్నాడు పండు మెల్లగా. "నొప్పేమీ ఉండదు. చుక్కల బొమ్మలు చూపిస్తారు. ఆ చుక్కల్లో అంకె కనపడుతుందా అని అడుగుతారు, అంతే. మొదటి బొమ్మ అందరికీ కనపడుతుంది. రెండో దాని నుంచే అసలు పరీక్ష."

"అంతా చదివేసినట్టున్నావే."

"నీ కోసమేగా."

బుజ్జమ్మ అతని కప్పులో ఇంకాస్త టీ వంపింది. పాపం, తన కోసం సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. తనే డాక్టర్ని వెతికి, తనే టైము తీసుకున్నాడు.

డేగ లేచి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఒరేయ్, ఆ మేజోళ్ళేంట్రా?"

పండు కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఒకటి పచ్చది, ఒకటి గోధుమరంగుది. సర్కస్‌లో చేరావా?"

"చీకట్లో వేసుకున్నానక్కా."

"నిన్న టమాటాలు కూడా చీకట్లోనే కొన్నావా? పండినవి తెమ్మంటే కాయలు తెచ్చావు." మరదలి వైపు ఓరగా చూసింది. ఆమె నవ్వుతుందేమోనన్న ఆశ ఆ చూపులో కాస్త ఉంది. బుజ్జమ్మ కప్పులోకే చూస్తోంది.

డేగ చెప్పులు వేసుకుంటుంటే ముసలాయన గొంతు వినపడింది.

"అమ్మా, ఒక్క మాట."

"చెప్పండి బాబాయ్ గారూ."

"నిన్న నువ్వన్నది తప్పని నేననను. కనపడిందే అన్నావు. కానీ దానికి కనపడని ఆ పచ్చని పక్కన కూర్చుని ఒకసారి చూపించు. చూపించినా కనపడకపోతే, కనపడలేదని వచ్చి నాకు చెప్పు. రేపటి దాకా ఆగే ఓపిక నాకు లేదు."

డేగ ఒక చెప్పు వేసుకుని ఆగిపోయింది. ద్వారబంధం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఇంట్లో ఆ కుర్చీలో చూపు పోయిన మనిషి ఉన్నాడన్న సంగతి నిన్న ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకి గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

"నాన్నా, ఎందుకివన్నీ!" బుజ్జమ్మ కసిరింది.

"నువ్వూరుకో. నా నుంచి నీకు ఇల్లు రాలేదు, పొలం రాలేదు. ఇదొక్కటి వచ్చిందా అని నాకు తెలియాలి."

డేగ వెనక తలుపు మూసుకుంది.

బుజ్జమ్మ ఆఫీసుకి వెళ్ళింది పని చెయ్యడానికి కాదు. సొరుగు ఖాళీ చెయ్యడానికి.

ఆ గది గోడలకి బూడిదరంగు వేసి ఉంటుంది. రంగు చూసే కళ్ళకి గోడలు అడ్డం రాకూడదని కిటికీలకి నల్లటి తెరలు దించి ఉంచుతారు. ఎవరి యంత్రం ముందు వాళ్ళు దెయ్యాల్లా కూర్చుంటారు. ఆమె పక్క సీటు వాణ్ణి అందరూ గడ్డం అంటారు. కారణం చూస్తేనే తెలిసిపోతుంది.

"వచ్చావా? డబ్బాలో ఏం సర్దుతున్నావు?" అన్నాడు గడ్డం.

"నా కప్పు. నా శాలువా."

"అయితే నా ఛార్జర్ కూడా అందులోనే ఉంటుంది. ఇచ్చేసి వెళ్ళు."

ఆమెకి నవ్వు రాబోయింది, రాలేదు. అప్పుడే తలుపు తెరుచుకుంది. గదిలో వాళ్ళంతా ఒక్కసారి తలలు వంచేశారు. డేగ సాధారణంగా ఈ ఆఫీసుకి రాదు. ఇక్కడి వాళ్ళే ఆవిడ దగ్గరికి వెళ్తారు, వణుక్కుంటూ.

"లే," అంది డేగ.

"మీ తమ్ముడితో చెప్పించండి."

"వాడు ఇక్కడ లేడు. నేనే చెప్తున్నా. లే, నన్ను కూర్చోనీ."

బుజ్జమ్మ లేచింది. డేగ కూర్చుంది. కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"వంతెన షాట్ పెట్టు. ఆ పచ్చ ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తా. ఇక్కడ, దవడ కింద. ఇక్కడ, చెవి వెనక. ఇది కూడా కనపడకపోతే..."

తెర మీద నాయిక మొహం వచ్చింది. సాయంత్రపు వెలుగులో దోరగా, వెచ్చగా.

డేగ వేలు గాలిలో ఆగిపోయింది.

బుజ్జమ్మ తీర్పు వినడానికి నిలబడ్డ మనిషిలా శాలువాని రెండు చేతుల్తో పట్టుకుంది.

డేగ ముందుకి వంగింది. వెనక్కి జరిగింది. కుర్చీ దిగి, దూరంగా వెళ్ళి, అక్కణ్ణుంచి చూసింది.

"ఇది ఏ షాట్?"

"వంతెన షాటే."

"నిన్న పంపిందేనా?"

"అదే. ముట్టుకోలేదు."

గడ్డం తన తెర మీది పని ఆపేసి, పని చేస్తున్నట్టు నటిస్తున్నాడు.

"బాగుంది," అంది డేగ.

"ఏంటి?"

"బాగుందన్నా. చెవుడు కూడా వచ్చిందా? మొహం బాగుంది. పచ్చ లేదు. దవడ కింద లేదు, చెవి వెనక లేదు. శుభ్రంగా తుడిచావు. నిన్న నేను చూసింది ఇది కాదు."

బుజ్జమ్మ అక్కడే డబ్బా మీద కూలబడింది. కప్పు టక్కుమంది.

"నన్ను ఓదార్చడానికి అంటున్నారు కదూ?"

"నేను ఒకర్ని ఓదార్చడం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా చూశావా?"

అది నిజం. ఆ ఇంట్లో కాపురానికి వచ్చిన నాటి నుంచీ బుజ్జమ్మ చూడలేదు.

అయినా గుండె కుదుటపడలేదు. సగం భయం ఇంకా అక్కడే పట్టుకుని వేలాడుతోంది. ఈ తెర మీద ఇద్దరికీ బాగుంది, సరే. ఆ పచ్చ ఉన్న చోట తనకి కనపడుతుందా?

"గడ్డం, ఇదే షాట్ నీ దాన్లో తెరువు," అంది.

గడ్డం తెరిచాడు. ముగ్గురూ అటు తిరిగారు.

వంతెన. నది. పడవెక్కి కడుపులో తిప్పుతున్న మనిషి.

"పచ్చ!" బుజ్జమ్మ అరిచిన అరుపుకి గదిలో అందరూ లేచి నిలబడ్డారు. "వదినా, పచ్చగా ఉంది! దవడ కింద, చెవి వెనక, ముక్కు పక్కన కూడా ఉంది, అది మీరు చెప్పలేదు! నాకు కనపడుతోంది!"

తను చేసిన పని పాడైపోయి కనపడితే ఇంత సంబరపడ్డ మనిషిని ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు. ఏడుస్తోంది, నవ్వుతోంది, గడ్డం భుజం పట్టి ఊపేస్తోంది.

"అమ్మా తల్లీ, నా ఛార్జర్ నువ్వే ఉంచుకో, నన్ను వదులు," అన్నాడు గడ్డం.

డేగ నవ్వలేదు. ఆవిడ కళ్ళు ఆ తెర నుంచి ఈ తెరకి, ఈ తెర నుంచి ఆ తెరకి తిరుగుతున్నాయి. వేట మొదలైంది.

"తెరల్లో తేడానా?"

గడ్డం తన తెర వైరు పీకి బుజ్జమ్మ యంత్రానికి తగిలించాడు. మొహం నిగనిగలాడింది. తెరది తప్పు కాదు.

"అయితే లట్," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

కెమెరా తెచ్చిన బొమ్మ వెలిసిపోయిన చొక్కాలా ఉంటుంది. దాన్ని ఏ రంగుల్లో చూడాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఈ అంకె వస్తే బదులుగా ఆ అంకె చూపించు అని యంత్రానికి వరసగా చెప్పే అంకెల మూట. దాన్నే లట్ అంటారు. ఒక సన్నివేశం మొత్తానికి ఒకటే లట్ ఉండాలి. డేగ తయారుచేసి అందరికీ పంపుతుంది, అందరూ దాని గుండానే చూస్తూ పని చేస్తారు, ఒకే రంగు కళ్ళద్దాలు పెట్టుకున్నట్టు. ఆ అద్దాలు ఒకటే అయినంత కాలం గొడవ లేదు.

"నీ దాన్లో ఏ లట్ ఉంది?" డేగ గొంతులో పాత పదును వచ్చేసింది. "పాతది పెట్టుకుని కూర్చున్నావా?"

"చూసుకోండి. వంతెన, వెర్షన్ మూడు. మీరు పంపిందే."

డేగ చూసింది. గడ్డం యంత్రంలోనూ చూసింది. వంతెన, వెర్షన్ మూడు. పేరులో అక్షరం తేడా లేదు.

"ఒకే పేరు, రెండు రంగులు," అంది తనలో తాను. "ఎలా?"

గడ్డం గొంతు సవరించుకున్నాడు. "బుజ్జమ్మా, నువ్వు ఈ సాఫ్ట్‌వేర్ మూసి ఎన్నాళ్ళయింది?"

బుజ్జమ్మ నాలుక కరుచుకుంది.

"మూస్తే మళ్ళీ ఈ షాట్ తెరుచుకునేలోపు ముసలితనం వచ్చేస్తుంది. అందుకని... ఈ షాట్ మొదలుపెట్టినప్పటి నుంచీ మూయలేదు."

"ఇది తెరిచినప్పుడే లట్ చదువుకుంటుంది. తర్వాత ఇక దాని వంక చూడదు. మొదట్లో చదివిందే గుర్తుపెట్టుకుని అదే చూపిస్తూ ఉంటుంది. మేమంతా రోజూ మూస్తాం, తెరుస్తాం. కొత్తది వస్తే మాకు కొత్తది."

"కొత్తది వస్తే కదా! పేరు అదేగా!"

"మూసి తెరువు," అంది డేగ.

మూసింది. తెరిచింది. ముగ్గురూ నోరు మెదపకుండా కూర్చున్నారు. యంత్రం గురక పెట్టింది. చివరికి వంతెన వచ్చింది. నది వచ్చింది. బుజ్జమ్మ సొంత తెర మీద, సొంత కళ్ళ ముందు, నాయిక మొహం పచ్చబారిపోయింది.

పాత లట్ వెచ్చటిది. ఆ వెచ్చదనం కింద మిగిలిన పచ్చ దాక్కుంది. కొత్తది చల్లటిది. దాని కింద దాక్కోవడానికి చోటు లేదు.

"అంటే వెర్షన్ మూడుని ఎవరో తర్వాత మార్చారు," అన్నాడు గడ్డం. "పేరు మార్చకుండా. పాతదాని మీదే సేవ్ చేసేసి." అని, ఆ మార్చగల మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారని గుర్తొచ్చి, టీ తాగాలని హఠాత్తుగా అనిపించి లేచి వెళ్ళిపోయాడు.

వదినా మరదళ్ళు మిగిలారు.

డేగ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. జోడు లేకుండా ఆవిడ మొహం వేరేగా ఉంది, నిద్ర చాలని మనిషి మొహంలా.

"డైరెక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. సాయంత్రం మరీ వేడిగా ఉంది, కాస్త చల్లబరచండి మేడమ్ అన్నాడు. చల్లబరిచాను. అప్పటికే అతను లేచి నిలబడ్డాడు, కారు కింద ఉంది, తొందర. చిన్న మార్పే కదా అని అదే పేరు మీద సేవ్ చేశా. తర్వాత నాలుగు అని పేరు పెట్టి అందరికీ చెప్దామనుకున్నా."

"చెప్పలేదు."

"చెప్పలేదు. మర్చిపోయా." జోడు మడిచింది. "నా గదిలో ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే తలుపు చూపించేదాన్ని."

బుజ్జమ్మ దగ్గర చాలా మాటలు ఉన్నాయి. నిన్నటి నుంచీ కూడబెట్టినవి. అన్నీ నోటి దాకా వచ్చాయి. కానీ ఏం చేస్తుంది, ఒంట్లో కోపం పట్టే చోటు లేదు. అంతా తేలికగా ఉంది. గది తేలికగా ఉంది, శాలువా తేలికగా ఉంది. నల్లటి తెర సందులోంచి పడుతున్న సన్నటి ఎండ గీత ఏ రంగులో ఉందో ఆమెకి స్పష్టంగా తెలుస్తోంది.

"నేనూ మూయలేదుగా వదినా," అంది.

"నువ్వు మూయకపోవడం బద్ధకం. నాది పొగరు. రెండూ ఒకటి కాదు." డేగ ఫోను తీసింది. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"చెప్పండి మేడమ్!" డైరెక్టరు గొంతు. వెనక ఎవరో మేకులు కొడుతున్నారు.

"నిన్న మీ అందరి ముందూ ఒక మాట అన్నాను, మా కాంపోజిటర్ కళ్ళు చూపించుకోవాలని. అది వెనక్కి తీసుకుంటున్నా. ఆ అమ్మాయి కళ్ళు మీ కళ్ళ కంటే, నా కళ్ళ కంటే బాగున్నాయి. నేను లట్ మార్చి పేరు మార్చలేదు. పొరపాటు నాది. నిన్న ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ ఇదే రాసి పంపిస్తున్నా."

మేకులు కొట్టడం ఆగింది.

"అంటే ఇప్పుడు ఎవరి కళ్ళు చూపించుకోవాలి మేడమ్?"

"కళ్ళు కాదు. నా చెయ్యి చూపించుకోవాలి. పేరు పెట్టడం మర్చిపోయిన చెయ్యి."

డైరెక్టరు పగలబడి నవ్వాడు. వంతెన షాట్ సాయంత్రానికి వస్తే చాలన్నాడు.

వచ్చింది. డేగ అదే కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎక్కడ పచ్చ మిగిలిందో బుజ్జమ్మే ముందు చూపించింది. ఒక్కచోట కూడా డేగకి వేలు ఎత్తే పని పడలేదు. మధ్యలో ఎప్పుడో, ఎవరూ చూడకుండా, బుజ్జమ్మ ఫోను తీసి ఆ రాజీనామా చెరిపేసింది. గడ్డం ఛార్జర్ మాత్రం తిరిగి ఇచ్చేసింది.

ఇంటికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. తలుపు తెరిచేసరికి ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో.

"ఎవరు ముందు చెప్తారు?" అన్నాడు.

బుజ్జమ్మ వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "నాన్నా, నాకు నీ ముక్కొచ్చింది. నీ మొండితనం వచ్చింది. కళ్ళు మాత్రం అమ్మవి."

ఆయన కూతురి కనురెప్పల మీద వేళ్ళతో మెల్లగా తడిమాడు. తడి తగిలింది.

"ఏడుస్తున్నావేంటే?"

"కళ్ళు పనిచేస్తున్నాయిగా, అందుకు."

ముసలాయన కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. పండు నీళ్ళు తెచ్చిచ్చాడు. డేగ అందరికీ తనే టీ పెట్టింది. మరదలి కప్పు తనే ముందు పెట్టింది. మధ్యవర్తి లేకుండా మాట కూడా తనే కలిపింది.

"చక్కెర సరిపోయిందా?"

"ఎక్కువైంది వదినా."

"తాగు. నిన్నటి మాటకి విరుగుడు."

జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాలన్నాడు ముసలాయన. ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ చెప్పారు. ఆ పచ్చ ఎలా ఉందో చెప్పే దగ్గర మళ్ళీ గొడవ మొదలైంది. నాచు అంది బుజ్జమ్మ. నాచు కాదు, ఉతికి ఉతికి పాతబడ్డ ఆకుపచ్చ దుప్పటి అంది డేగ. బుజ్జమ్మ టాబ్లెట్ తెరిచి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. పాడైనది ఒకటి, బాగుచేసింది ఒకటి.

"మీ ఇద్దరి మాటా నేను నమ్మను," అన్నాడు ముసలాయన హుషారుగా. "అల్లుడూ, నువ్వు ఎవరి పక్షమూ కాదు. పచ్చబారిన బొమ్మ ఏదో, ఎలా ఉందో నువ్వు చెప్పు."

పండు టాబ్లెట్ అందుకున్నాడు. చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఎడమ పక్కది," అన్నాడు.

డేగ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "చాల్లే వేళాకోళం! అది బాగుచేసింది!"

ముగ్గురూ నవ్వారు. పండు కూడా నవ్వాడు, వాళ్ళ నవ్వు అయిపోయాక.

"ముందు ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తా," అంది బుజ్జమ్మ. "రేపటి టైము వద్దని చెప్పేస్తే పీడా పోతుంది. ఇంకెవరికైనా పనికొస్తుంది."

నెంబరు నొక్కబోతుంటే పండు చెయ్యి వచ్చి ఫోను మీద పడింది.

"వద్దు."

"ఎందుకు? నా కళ్ళు బాగున్నాయంటే!"

"తెలుసు. టైము అలాగే ఉంచు. పేరు మార్పించు చాలు."

"ఎవరి పేరుకి?"

పండు టాబ్లెట్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న మూట దించుకున్నవాడిలా పెద్దగా ఊపిరి వదిలాడు. అతని కాళ్ళకి పొద్దుటి మేజోళ్ళే ఉన్నాయి, ఒకటి పచ్చ, ఒకటి గోధుమ.

"చీకట్లో వేసుకున్నానన్నాను కదక్కా. గదిలో లైటు వెలుగుతూనే ఉంది."

డేగ చేతిలో టీ కప్పు కదలకుండా ఆగిపోయింది.

"పండూ," అంది బుజ్జమ్మ. "ఈ సెలవు..."

"నీకోసం పెట్టానని నువ్వనుకున్నావు. నేనూ అనుకోనిచ్చాను. కిందటి రైల్వే కంటి పరీక్షలో రంగులన్నీ తెలిశాయి." అతను భార్య వైపే చూస్తున్నాడు. "పోయిన వారం మలుపు దాటాక సిగ్నల్ వచ్చింది. బండి ఆపేశాను. ఎరుపు చూసి కాదు బుజ్జమ్మా. అదేం రంగో తెలియక."